అమ్మ మాటలకు నా ఇంగ్లీషు

నా మూడో ఏట నాకు టైఫాయిడ్ వచ్చిందట. మూడు వారాలైనా జ్వరం దిగకపోయేసరికి మా అమ్మ చర్చికి పోయి, ఈ పిల్ల బతికితే నీకే ఇచ్చేస్తానని మరియమాతకు మొక్కుకుంది. కోళ్ళనూ పొట్టేళ్ళనూ మొక్కుకునేవాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి. కన్నపిల్లనూ అలాగే మొక్కేసింది. పొట్టేలును ఎవరూ అడగరు, నన్నూ అడగలేదు.

మాది బళ్ళారిలో కౌల్ బజార్. నాన్న పత్తి మిల్లులో పనిచేసేవాడు. చుట్టాలొస్తే అమ్మ నన్ను ముందుకు తోసి, ఈ పిల్ల మాతది అని చూపించేది. నేను అలిగితే, మాత పిల్ల అలగకూడదనేది. మా చెల్లెలికి మల్లెపూలు, గాజులు, నాకు జపమాల. పన్నెండేళ్ళొచ్చేసరికి కాన్వెంటు పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

చదువు మాత్రం అదే కాన్వెంటు బడిలో. పై తరగతుల పిల్లల్ని శనివారాలు వాళ్ళ దవాఖానాకు పంపేవారు, కట్లకు గుడ్డలు చుట్టిపెట్టడానికి. ఒక శనివారం కూరెకుప్ప అనే పల్లె వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. కాలి పుండులో పురుగులు. సిస్టరు వేరే పనిలో ఉంటే నేనే కడిగాను. ఎంత వాసన కొట్టినా చేయి తీయలేదు. "సల్లగుండాది తల్లీ" అందామె. తర్వాత ప్రార్థన గదిలో కాసేపు కూర్చున్నాను. దేవుడి గొంతేమీ వినబడలేదు. ఇక్కడే ఉండిపోవాలి అనిపించింది, అంతే. భయం కూడా వేసింది, ఎందుకంటే అది అమ్మ కోరికలా లేదు. అచ్చంగా నాదే.

నిజంగా నాదేనా అని రెండేళ్ళు నన్ను నేనే అనుమానించుకుంటూ గడిపాను. ప్రతి శనివారం వెళ్ళేదాన్ని, ప్రతిసారీ ఉండిపోవాలనే అనిపించేది. ఇంట్లో చెప్పలేదు. చెబితే తన మొక్కే ఫలించిందని అమ్మ వీధంతా చాటుతుంది. నా జన్మలో నాదంటూ ఉన్నది ఆ ఒక్కటే, దాన్నీ ఆమె చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

స్కూల్ ఫైనల్ అయ్యాక నన్ను చేర్చుకొమ్మని కాన్వెంటులో అడిగాను. మదర్ సుపీరియర్ అమ్మను తీసుకురమ్మంది. ఆమెది ఏదో దూరదేశం. తెలుగు రాదు, కన్నడం అంతంతమాత్రం. అమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను.

అమ్మ పట్టుచీర కట్టుకొని వచ్చింది, కూతుర్ని అత్తారింట్లో దిగబెట్టడానికి వచ్చినట్టు. అడగకముందే మొదలుపెట్టింది.

"ఈ పిల్ల నాది కాదు మదర్. మూడేండ్లప్పుడే మాతకు ఇచ్చేసినా. దినామూ అదే చెప్పి చెప్పి పెంచినా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. సగం మింగేసినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ దేవుడికి నన్ను ఇచ్చుకోవడానికి వచ్చి, ఆయన గడపలోనే అబద్ధమాడతానా? అదీ నా పొగరు. ఒక్క మాట పోకుండా అప్పజెప్పాను.

మదర్ కలం కింద పెట్టింది. నీకు ఇష్టమేనా అని కూతుర్ని ఎప్పుడైనా అడిగావా అంది. అమ్మ నవ్వి, మొక్కినాక యాడన్నా అడుగుతారా అంది. అదీ చెప్పాను. మదర్ నా వైపు తిరిగి, నీకు నువ్వుగా రావాలని ఉందా అంది. ఉందన్నాను. ఆ మాట నీకు ఎవరు నేర్పారో అమ్మనే అడుగు అంది.

అడిగాను. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"నేనే నేర్పిస్తి." అదీ ఇంగ్లీషులో చెప్పాను.

అప్పుడు మదర్‌కు నా సంగతి చెప్పాల్సింది. ముసలామె కాలు, శనివారాలు, రెండేళ్ళ అనుమానం, అన్నీ. ఇంగ్లీషులో చెబితే అమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఏమంటివని అమ్మ అడుగుతుంది. వెలిగిపోతున్న ఆ ముఖంలోకి చూస్తూ, ఇది నీది కాదమ్మా, అని తెలుగులో చెప్పాలి. నాకు నోరు రాలేదు.

ఒకరి మొక్కు ఇంకొకరికి దేవుని పిలుపు కాదని మదర్ మెల్లగా చెప్పింది. ఇంటికి పో, పెళ్ళి చేసుకో, సుఖంగా ఉండు అంది. నన్ను చెరలోంచి విడిపిస్తున్నాననుకుంది పాపం. నన్ను వద్దన్న మాటల్ని అమ్మకు తెలుగులో చెప్పిందీ నేనే.

జట్కాలో అమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని, "ఆళ్ళే వద్దనిరి గదా. ఇంగ నా మొక్కు తీరినట్లే" అంది. ఆ గొంతులో బరువు దిగిపోవడం నాకు తెలిసింది. ఇల్లు చేరకముందే సంబంధాల మాట ఎత్తింది. అప్పుడిక ఆగలేకపోయాను.

"మొక్కు సంగతి నాకొద్దుమా. నాకే పోవల్లని ఉండె."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మరి ఆడ ఏంటికి చెప్పకపోతివి?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగింది. ఆమె చేసినవన్నీ క్షమించగలిగాను గానీ, ఆ తెలియకపోవడాన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

మూడు నెలల్లో సంబంధం కుదిరింది. మా వాళ్ళలో చర్చిలో పెళ్ళి ప్రకటన చదవకముందు, ఎవరి బలవంతమూ లేదు కదా అని ఫాదర్ పిల్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతాడు. నన్నూ అడిగాడు. లేదన్నాను. అలా చెప్పమని పొద్దున తల దువ్వుతూ అమ్మ నేర్పింది. ఆయన పుస్తకంలో రాసుకొని సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.