వెనుక మూడు గుండీలు

మా చిన్నప్పటి టీవీకి రంగులు తెలియవు... మునగాల దగ్గర మా ఊళ్లో పటేల్ వాళ్లింట్లో ఒక్కటే టీవీ, నలుపు తెలుపుది. ఆదివారం పొద్దున అందులో బొమ్మల సీరియల్ వచ్చేది. ఎక్కడో పరాయి దేశపు బొమ్మలు, మాట్లాడేది హిందీ. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకే కథ వదిలేసి బట్టలు చూసేవాళ్లం.

అందులో ఒక పిల్ల ఉండేది. మోకాళ్ల దాకా గౌను, భుజాల మీద పరుచుకున్న వెడల్పాటి కాలర్, మెడ కింద రిబ్బన్ ముడి... అట్లాంటి గౌను కావాలని నేను ఏడ్చాను. మా అక్క సరోజ కుడతానన్నది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు, నాకు తొమ్మిది.

అక్క బడికి పోలేదు. కానీ ఆమె కుడితే చినిగిన చోటు ఎక్కడో వెతుక్కోవాల్సిందే. సూర్యాపేటలో ఒక టైలరమ్మ దగ్గర పని నేర్చుకోవాలని ఆమె ఆశ. నాన్న పెద్ద రోడ్డు మీద ధాబాలో వంట చేసేవాడు. "ముందు గీ గౌను కుట్టి సూపియ్ బిడ్డా. మిర్యాలగూడల మీ చిన్నమ్మోళ్లు మంచిగున్నదంటే సూర్యాపేట పంపుత" అన్నాడు. వాళ్లది టౌను కాబట్టి వాళ్లకు బట్టల సంగతి తెలుసని ఆయన నమ్మకం.

టీవీలో బొమ్మ ఆగదు కదా... అక్క వారానికొక ముక్క చూసి వచ్చేది. ఒక వారం కాలర్, ఒక వారం చేతులు, ఒక వారం నడుము దగ్గర కుచ్చులు. ఇంటికి రాగానే బొగ్గుతో గోడ మీద గీసేది. "అలికిన గోడంత ఖరాబు జేస్తివి గదనే" అని అమ్మ తిట్టేది.

ఒక్కటే చిక్కు వచ్చింది. గౌను వెనుక ఎట్లా ఉంటుందో తెలియలేదు. ఆ పిల్లకు నడుము దాకా జుట్టు, ఎప్పుడూ విరబోసుకునే ఉండేది. ఐదు ఆదివారాలు కాచుకున్నాం... ఆ జుట్టు పక్కకు జరగలేదు.

"ముందట గుండీలు లేవు. మెడ సూస్తే ఇరుకు. మరి తల ఎట్ల దూరిందే?" అని ఐదో ఆదివారం అక్క రోజంతా అదే గొణుక్కున్నది. మరునాడు నీళ్లకు పోయినప్పుడు బిందె కింద పెట్టి నిలబడిపోయింది. "ఎనక గుండీలుంటయ్. మూడు. కాలర్ ఎనక రెండు ముక్కలైతది" అన్నది. ఇంటికి వచ్చి కత్తెర పట్టింది.

టీవీలో ఆ గౌను మబ్బు రంగులో కనిపించేది. మా సందుగ పెట్టెలో ఉన్నది అమ్మ పాత చీర ఒక్కటే, ఆకుపచ్చది. "అయితే అది ఆకుపచ్చదే" అన్నది అక్క. నేనూ నమ్మాను.

ఎండాకాలం సెలవుల్లో ఆ గౌను వేసుకుని మిర్యాలగూడ పోయాను. చిన్నమ్మ వాళ్లింట్లో రంగుల టీవీ... ఆదివారం బొమ్మలు మొదలయ్యాయి. ఆ పిల్ల గౌను పండు మిరపకాయలా ఎర్రగా ఉంది.

చిన్నమ్మ బిడ్డ నన్నూ టీవీనీ మార్చి మార్చి చూసింది. "గిదా ఆ గౌను? తోటకూర కట్ట లెక్కున్నవ్" అన్నది. పిల్లలందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి టీవీలో ఆ పిల్ల అటు తిరిగి, జుట్టు పైకెత్తి ముడి వేసుకుంటున్నది. కాలర్ వెనుక రెండు ముక్కలు. కింద మూడు గుండీలు. అచ్చం అక్క కుట్టినట్టే...

అందరూ నవ్వులో ఉన్నారు, నేను తప్ప ఎవరూ చూడలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నలుగురిలో నాకు నోరు లేవదు. ఇప్పటికీ అంతే.

ఇంటికి వచ్చాక మాత్రం నలుగురు లేరు. అమ్మ, నాన్న, అక్క... "ఏమన్నరు బిడ్డా చిన్నమ్మోళ్లు?" అని నాన్న అడిగాడు. సంచిలోంచి గౌను తీసి అక్క ముందు పడేశాను. "అందరు నవ్విన్రు. అది ఎర్రదంట. అక్కకు రంగే తెల్వదు" అన్నాను. నా అవమానమంతా అక్క మీద తీర్చుకున్నాను. వెనుక సంగతి చెప్పలేదు.

నాన్న కోప్పడలేదు. "తీయ్ బిడ్డా, టౌనోళ్లకు మన కుట్టు ఆనదు. ఇగ సూర్యాపేట ముచ్చట ఖతం" అన్నాడు. అక్క పొయ్యి ముందు కూర్చుని "ఎరుపా..." అన్నది. ఆ సాయంత్రమే గోడ మీది బొగ్గు గీతలన్నీ ఎర్రమట్టితో అలికేసింది.

రెండేళ్లకు ఆమెను తుంగతుర్తి వైపు ఇచ్చారు. నాట్లు, పత్తి ఏరుడు, కలుపు... ఆమె మళ్లీ కొత్త బట్ట కత్తిరించగా నేను చూడలేదు.

నేను పెళ్లయి కోదాడ వచ్చాను. మొన్న మా పాపకు గౌను తొడిగి వెనుక గుండీలు పెడుతుంటే నా చేతులు ఆగిపోయాయి... పాపను తీసుకుని, సూర్యాపేటలో బస్సు మారి, అక్క దగ్గరికి పోయాను.

అక్క బియ్యం చెరుగుతున్నది. అంతా చెప్పాను. అక్క చేట ఆపకుండానే అడిగింది.

"ఎన్ని గుండీలున్నయే?"

"మూడక్కా."

"కాలర్?"

"రెండు ముక్కలే. నువ్వు పెట్టినట్టే."

చేట ఆగింది. "అప్పుడే చెప్పకపోతివే" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కాసేపటికి పాపను పిలిచి వెనక్కి తిప్పింది. పత్తి కాయలు గీరుకుపోయిన వేలితో గౌను వెనుక కుట్టు తడిమింది. "వంకర వోయింది సూడు. ఇప్పి కుడితే మంచిగైతది. సూది దే" అన్నది. మొద్దుబారిన ఆ వేళ్లకు దారం చిక్కలేదు... నేనే ఎక్కించి ఇచ్చాను.

ఇప్పుడు ఏ బొమ్మనైనా ఫోనులో ఆపి, పెద్దగా చేసి చూడొచ్చు. అదే రంగు, అదే గౌను డబ్బాలో ఇంటికి వస్తున్నది. జుట్టు వెనుక ఏముందో ఆలోచించి కనిపెట్టే అక్కలతో ఎవరికీ పని లేదు... మీ ఇంట్లో కూడా అట్లా ఊహించి మీకు కుట్టిపెట్టినవాళ్లు ఉండే ఉంటారు. బాగుందని వాళ్లకు ఆ రోజే చెప్పారా?