వెలుగుకూ మోతకూ మధ్య

మా చిన్నమామ పోయారు. మా ఇంటాయనకు సొంత చిన్నాన్న, నాకు వరసకు మామ. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని మిద్దె మీది తన గదికి వెళ్ళారు. మూడున్నరకు నేను కాఫీ తీసుకుపోయేసరికి లేరు. ఎప్పుడూ వాకిట్లో పడుకునే కుక్క ఆ రోజు మంచం కింద ఉంది. నన్ను చూసి లేవలేదు. శ్రీకాళహస్తి బస్సు డిపోలో ఆయనతో పనిచేసినవాళ్ళకు ఆ సాయంత్రానికే సంగతి తెలిసింది. తెలియనివాళ్ళ కోసం, తెలిసినా నా గురించి పొరపాటు పడ్డవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పొరపాటు ఏమిటంటే, పెద్దకర్మ నాడు పంక్తిలో మా ఆడపడుచు అందరికీ వినపడేలా అంది: "కండ్లు పోయినా మా చిన్నాయనకు ఏం కొరత ల్యా. మా వదినే ఆయనకు కండ్లు." పంక్తిలో కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఒక పెద్దాయన "ఇట్లాంటి కోడలు దొరకాలంటే రాసిపెట్టుండాల" అన్నారు. నేను పులుసు వడ్డిస్తున్నాను. గరిటె ఒక్క క్షణం ఆగింది. ఒకప్పుడు నోరు తెరిచి చెప్పిన అబద్ధాన్ని ఆ రోజు నోరు మూసుకుని నిలబెట్టుకున్నాను.

ఆయన డిపోలో మెకానిక్. పెళ్ళయిన కొన్నేళ్ళకే భార్య పోయింది, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు శ్రీహరికోట దారిలో ఒక బస్సు ఆగిపోతే బాగుచేయడానికి వెళ్ళారట. బస్సు కింద వెల్లకిలా పడుకుని నట్టు బిగిస్తుండగా వీపు కింద రోడ్డు అదిరిందట. పాకుతూ బయటికి వచ్చి చూస్తే ఆకాశంలో తెల్లటి గీత. "అందురూ రాకెట్టును కండ్లతో సూస్తారు అమ్మణ్ణీ, నేను మొదుట వీపుతో సూసినా" అనేవారు. ఆ రోజు నుంచీ ఆయనకు అదే లోకం. నన్ను ఎప్పుడూ అమ్మణ్ణీ అనే పిలిచేవారు.

రిటైరయ్యాక మా మిద్దె మీది రెండు గదుల్లోకి వచ్చారు. ఒక గదిలో మంచం. ఇంకొక గదిలో పౌడరు డబ్బాలు, అగరొత్తుల గొట్టాలు, పాత సైకిల్ ట్యూబులు. వాటితో రాకెట్ల బొమ్మలు చేసేవారు. ఏ రాకెట్టుకు ఎన్ని అంచెలో, ఏ అంచెలో ఏ ఇంధనమో తెలిసేలా రంగులు పూసేవారు. పొరపాటున నేను పౌడరు డబ్బా పారేస్తే చెత్తబుట్టలోంచి తీసి కడుక్కునేవారు.

మా వీధిలో అందరి కుక్కర్లకూ ఆయనే వైద్యుడు. ఆవిరి పక్కనుంచి పోతోందని ఎవరైనా తెస్తే, రబ్బరు తీసి వేళ్ళతో చుట్టూ తడిమి, బొటనవేలు ఒకచోట ఆపేవారు. "ఇదో, ఈడ ఉండాది రోగం. కుక్కరుగానీ, బస్సుగానీ, రాకెట్టుగానీ, చెడిపోయేది అతుకు కాడే. నడిమధ్యలో ఎప్పుడూ చెడదు." ఆడవాళ్ళు నవ్వుకుంటూ కుక్కరు తీసుకుపోయేవారు. నేను మాత్రం ఇప్పటికీ మూత పెట్టేముందు రబ్బరు చుట్టూ వేలు తిప్పి చూస్తాను.

మూడు కోళ్ళను పెంచారు. వాటి పేర్లు ఫస్టు స్టేజి, సెకండు స్టేజి, థర్డు స్టేజి. ఒకరోజు పిల్లి ఫస్టు స్టేజిని ఎత్తుకుపోయింది. "దాని పని అయిపాయె, విడిపాయె. మిగతా రెండూ పైకి పోతాండాయి సూడు" అని మమ్మల్ని నవ్వించారు. ఆ రాత్రి సంగటి ముద్ద ముట్టలేదు.

కుక్క పేరు సిగ్నల్. డిపో నుంచి ఆయన వెంట నడిచి వచ్చిన వీధికుక్క. దానికి కుడిచెవి నిలబడి ఉంటుంది, ఎడమది మధ్యకు విరిగి వాలి ఉంటుంది.

టీ అంగడి దగ్గర ఆయనను ఏడిపించడం అందరికీ సరదా. "ఏమప్పా, కోట్లు పోసి రాకెట్లు ఇడస్తారే, మన వీధి మురుక్కాలవ ఎత్తను ఒక రాకెట్టు ల్యాదా?" అని అంగడాయన అనేవాడు. మామ టీ ఊదుకుంటూ, "రాకెట్టు ఎత్తదు. నువ్వు ఓటేసినోడూ ఎత్తల్యా. ఇది పైకన్నా పోతాది గదప్పా" అనేవారు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం పనికిరాదు. ప్రయోగం ఆఖరి నిమిషంలో ఆగిపోయిందని ఎవరైనా నవ్వితే ఆయనకు కోపం వచ్చేది. "ఆపినోనికి సిగ్గేల? తప్పని తెలిసీ ఇడిసిపెట్టినోనికి గదా సిగ్గు. ఆపను ఎంత గుండె గావాల్నో మీకేం తెలుసు?" ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా అది రాకెట్ల గురించేననుకున్నాను.

చక్కెరజబ్బు వల్ల ఆయన కళ్ళ నరం దెబ్బతింది. మొదట పేపరు పోయింది, తర్వాత ముఖాలు పోయాయి. చివరికి వెలుతురూ నీడా తప్ప ఏమీ మిగలలేదు. శ్రీహరికోట మాకు తూర్పున ఉంది. ఆకాశం తేటగా ఉంటే మా మిద్దె మీద నుంచి రాకెట్టు కనిపిస్తుంది, సెల్ టవరుకు ఎడమపక్క జానెడు దూరంలో. వెలుగు కనపడిన దాదాపు మూడు నిమిషాలకు, గాలి అనుకూలిస్తే, దూరంగా బండరాళ్ళు దొర్లినట్టు సన్నటి మోత వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఎంత ఎడముందో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడం ఆయన అలవాటు. చూపు పోయాక మోత మిగిలింది గానీ వెలుగు లేకపోయింది. అప్పుడు నన్ను అడిగారు.

నన్నే ఎందుకు అడిగారో చెప్పాలి. గ్యాస్ సిలిండరు ఏ పూట మార్చానో క్యాలెండరు మీద రాసుకుంటాను. ఊరగాయ జాడీల మీద పెట్టిన తేదీ అతికిస్తాను. మా గడియారం రేడియో వార్తలతో సరిచూసుకుంటాను. మా ఇంటాయన దీన్ని పిచ్చి అంటారు. మామ అలా అనలేదు. "నీ మాదిరి మనిషి ఒకరు ఆ కంట్రోలు రూములో ఉండాల్సిందే అమ్మణ్ణీ. నువ్వు చెప్పినావంటే ఇంకొకరిని అడిగే పని ల్యా" అన్నారు. ఫోనులో ప్రత్యక్షంగా చూపిస్తారు కదా మామా అంటే, "ఫోనులో వచ్చేది కొన్ని సెకన్లు పాతది. మన కంట్లో పడేదే తాజాది" అన్నారు.

అలా నాలుగేళ్ళు. నేను చేతిగడియారం పట్టుకుని టవరు పక్కన చూస్తూ నిలబడేదాన్ని. "పాయె మామా!" అనగానే ఆయన తూర్పుకు తిరిగి, సిగ్నల్ మెడ మీద చెయ్యి వేసి, ఒకటి నుంచి పైకి లెక్కపెట్టేవారు. నేను రంగు చెప్పేదాన్ని, పొగ ఎటు వంగిందో చెప్పేదాన్ని. నూట అరవై దాటాక ఆయన గొంతు మెల్లబడేది. మోత వచ్చేముందు సిగ్నల్‌కు వాలిన చెవి కూడా లేచేది. మనకంటే ముందు దానికి తెలిసేది. చేతి కింద మెడ బిగుసుకోగానే మామ ముఖం చిన్నపిల్లవాడి ముఖమయ్యేది.

ఆ నాలుగో ఏడు ఎండాకాలంలో ఒక ప్రయోగం ఉదయం తొమ్మిదీ పన్నెండుకు ఉంది. అదే పొద్దున నేను సగ్గుబియ్యం వడియాలు పెట్టుకున్నాను. ఆ జావ చల్లారితే గట్టిపడి గరిటెకు రాదు, వేడిమీదే పోసెయ్యాలి. మిద్దె మీద తడిచీర పరిచి, వంగి, ఒక్కొక్క గరిటె పోస్తున్నాను. మామ నాకు నాలుగడుగుల దూరంలో తూర్పుకు తిరిగి నిలబడ్డారు. పక్కన సిగ్నల్. నేను చీరలో సగం కూడా పూర్తిచేయలేదు. ఎండ నెత్తిన దిగుతోంది. గడియారం మాత్రం చూశాను. తొమ్మిదీ పన్నెండు దాటుతోంది.

"పాయెనా అమ్మణ్ణీ?"

తలెత్తితే అయిపోయేది. నాలుగు సెకన్ల పని. నేను తలెత్తలేదు.

"పాయె మామా. బాగా పోయినాది."

"రంగు?"

"ఎర్రగా ఉండాది. ఎనక తెల్లటి తోక."

అది అంతకు ముందు ప్రయోగం రంగు. అదే మళ్ళీ అప్పజెప్పాను. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను గరిటెలు పోస్తూనే ఉన్నాను. నూట అరవై వచ్చింది. నూట ఎనభై వచ్చింది. సిగ్నల్ తోక ఈగలను తోలుకుంటోంది, చెవి లేవలేదు. రెండు వందలు వచ్చింది. మూడు వందల దాకా ఆయన గొంతు నాకు వినిపించింది. తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. ఆ ఎండలో ఇంకా పది నిమిషాలు నిలబడ్డారు. ఆ పది నిమిషాల్లో ఎప్పుడైనా నేను చెప్పవచ్చు, మామా, నేను చూడలేదు అని. చివరి వడియం పోశాక గిన్నె గీకడం మొదలుపెట్టాను.

"ఈ పొద్దు గాలి అడ్డమొచ్చిన మాదిరుండాది" అని ఆయనే అన్నారు.

కిందికి వచ్చాను. టీవీ ముందు మా ఇంటాయన. "ఆపేసినారంట! రెండు నిమిషాలుందనంగా ఆపేసినారంట! చిన్నాయనకు చెప్పినావా?"

"ఆయనకు తెలుసులే" అన్నాను. ఇది రెండో అబద్ధం. మొదటిదాన్ని కప్పడానికి.

అది అబద్ధంగా ఎక్కువసేపు నిలవలేదు. మామ గదిలో రేడియో ఉంది. మధ్యాహ్నం వార్తల్లో ఆయనకు నిజంగానే తెలిసింది. భోజనానికి కిందికి దిగి వచ్చారు. నేను ఆయన ముఖం చూడలేకపోయాను, ఆయన ఎలాగూ నా ముఖం చూడలేరు. ఆ సౌకర్యం నాకు ఆ పూట సంతోషంగానే అనిపించింది. దాచకుండా రాస్తున్నాను, అలాగే అనిపించింది. ఆయన పప్పు బాగుందన్నారు. వడియాలు ఎండినాయా అని అడిగారు. రాకెట్టు ఊసు ఎత్తలేదు.

కొన్ని రోజులకు అదే రాకెట్టును మళ్ళీ ప్రయోగించారు. మామ నన్ను పిలవలేదు. కింద కాఫీ తాగి పైకి పోతుంటే మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు, కుక్క గోళ్ళ చప్పుడు వినిపించాయి. పైకి వెళ్ళాలనుకున్నాను. "నేను రానా మామా?" అని కింద నుంచి కేకేస్తే, "వద్దులే అమ్మణ్ణీ, నీకు పనుంటాది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నాకు పని తప్పింది కదా అని నేను నెమ్మదించాను. ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. ఇంకెప్పుడూ పిలవలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

పెద్దకర్మ ముగిసి చుట్టాలు వెళ్ళాక ఆయన గది సర్దుతుంటే ట్రంకుపెట్టెలో ఆ పుస్తకం దొరికింది. పొడుగాటి డిపో రిజిస్టరు. నాలుగు గళ్ళు: తేదీ, వెలుగు, మోత, కారణం. మొదటి పేజీల్లో ముత్యాల్లాంటి చిన్న అక్షరాలు. కనపడనప్పుడు, వినపడనప్పుడు చివరి గడిలో కారణం: మబ్బు. ఎదురుగాలి. డ్యూటీలో ఉంటిని. చూపు పోయాక స్కేలు ఆనించి లావు పెన్నుతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. నా నాలుగేళ్ళూ అక్కడ ఉన్నాయి. వెలుగు గడిలో నేను చెప్పిన టైము, మోత గడిలో ఆయన లెక్క: 164. 169. 166.

ఆ రోజు వరసలో వెలుగు గడిలో 9-12 అని ఉంది. దాని మీద ఒకే ఒక అడ్డగీత. మోత గడిలో ఏమీ లేదు. కారణం గడిలో: "ఆపినారు. అమ్మణ్ణికి పని జాస్తి."

అక్కడి నుంచి చివరిదాకా వెలుగు గడిలో అన్నీ చిన్న గీతలే. పదకొండు ఉన్నాయి. మోత గడిలో అంకెలు లేవు. "వచ్చె", "రాల్యా", "వచ్చె". వెలుగు ఎప్పుడు కనపడిందో చెప్పేవాళ్ళు లేకపోతే లెక్క ఎక్కడ మొదలుపెడతారు? ఆయన ముప్పై ఏళ్ళకు పైగా రాసుకున్నది రెంటికీ మధ్య ఉన్న ఎడం. దాన్ని నేను ఆయనకు లేకుండా చేశాను. ఆయన ఆ తప్పును నా మీద పెట్టలేదు, నా పని మీద పెట్టారు.

మా ఇంటాయనకు చూపించి జరిగింది చెప్పాను. ఆ వరస మీద వేలు పెట్టి చదివారు. "ఆయన మన్నించే పోయినాడు గదా. ఇప్పుడు అందురికీ చెప్పేదేల?" అన్నారు. మన్నించారని నాకూ తెలుసు. కానీ ఆ కారణం గడిలో ఉన్న రెండో మాట నిజం కాదు. ఆ పుస్తకంలో నిజం కాని మాట అదొక్కటే, అదీ నా కోసం రాసింది. అందుకని దాని పక్కన నా అక్షరాలతో రాశాను: "పని కాదు. చూడలేదు. చూశానని చెప్పాను." పంక్తిలో నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఇది చదివితే, మా మామకు నేను కళ్ళుగా ఉన్నది నాలుగేళ్ళేనని తెలుసుకోవాలి.

మొన్న సాయంత్రం మళ్ళీ ఒక ప్రయోగం జరిగింది. పొయ్యి మీది పాలు దించేసి, గడియారం సరిచేసుకుని, రిజిస్టరు తీసుకుని పైకి వెళ్ళాను. సిగ్నల్ ఆయన గది వాకిట్లో పడుకుని ఉంది. పిలిస్తే రాలేదు. నేను వెళ్ళి మామ నిలబడే చోట నిలబడ్డాక, కాసేపటికి అదే వచ్చి నా కాలి పక్కన కూర్చుంది. టవరుకు ఎడమపక్క జానెడు దూరంలో నిప్పుచుక్క లేచింది. రంగు నారింజ. పొగ దక్షిణానికి వంగింది. పైకే చెప్పాను, రెండూ. టైము రాసి, కుక్క మెడ మీద చెయ్యి వేసి, ఒకటి నుంచి మొదలుపెట్టాను.

నూట అరవై దాటాక నా గొంతు కూడా మెల్లబడింది. నూట అరవై మూడు. నూట అరవై నాలుగు. చేతి కింద మెడ బిగుసుకుంది. వాలిన ఎడమచెవి మెల్లగా లేచి నిలబడింది. నాకింకా ఏమీ వినిపించలేదు.