గంగు ఇంట్లో ఏడ్చిన పొయ్యి

1959 మాఘమాసం. భైంసాకు ఆరు మైళ్ళ దూరంలో, పత్తి పండించే ఒక పల్లెలో నేను ప్రభుత్వం పంపిన గ్రామసేవికగా ఉండేదాన్ని. పొద్దున బాల్వాడీ, అంటే బడి ఈడు రాని పిల్లలకు ఆటపాటలు నేర్పే చోటు. మధ్యాహ్నం మహిళా మండలి. అక్కడ కుట్టుపని, అక్షరాలు నేర్పేదాన్ని, ఇళ్ళల్లో పొగలేని పొయ్యిలు కట్టించేదాన్ని. ఆ పొయ్యికి గోడ వారన నేల తవ్వి అడుగు వేయాలి. పొగ మట్టిగొట్టం గుండా కప్పు పైకి పోతుంది. గొట్టం మధ్యలో ఉండే రేకుముక్క పేరు డ్యాంపర్. దాన్ని లోపలికి నెడితే మంట తగ్గుతుంది, బయటికి లాగితే పెరుగుతుంది. అప్పటికి ఊళ్ళో ఏడు పొయ్యిలు పూర్తయ్యాయి. ఏడోది గంగు ఇంట్లో.

ఒక పొద్దున బాల్వాడీలో పిల్లలు కొత్త ఆట ఆడుతున్నారు. ఒక పిల్ల మోకాళ్ళ మీద వంగి మట్టికుప్పకు చెవి ఆనించింది. మిగతావాళ్ళు చుట్టూ చప్పుడు లేకుండా కూర్చున్నారు.

"ఏం ఆటనే గిది?" అని అడిగాను.

"పొయ్యి ఏడుస్తుంది టీచరమ్మా. గంగక్కోళ్ళ పొయ్యి."

"పొయ్యి ఎట్ల ఏడుస్తదే?"

ఆ పిల్ల నోరు సగం తెరిచి, గొంతులోంచి సన్నగా ఒక చప్పుడు తీసింది. పురిటి గదుల్లో పసిగుడ్డుల నోట నేను విన్న చప్పుడది. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు.

మధ్యాహ్నం గంగు ఇంటికి వెళ్ళాను. అత్త రాజవ్వ గడపలోనే అందుకుంది.

"రా టీచరమ్మా, రా! పొగ పోతదని పొయ్యి కట్టిస్తివి. పొగ పోయింది, ఇగ కోడలు గూడ పోయెటట్టున్నది. రేపు తల్లిగారింటికి తోలిచ్చుడే. నా కొడుకు బండి మాట్లాడిండు."

గంగుకు పంతొమ్మిదేళ్ళు. అయిదో నెల. కొన్నాళ్ళుగా ఆ పొయ్యి మీద వండిందేదీ ముట్టడం లేదు. రాజవ్వ మంట పెడితే నీళ్ళు కుమ్మరించేది. నానిన పెసలు నాలుగు నోట్లో వేసుకోవడమే ఆమె తిండి. కళ్ళు లోతుకు పోయాయి. ఇలాగే సాగితే కడుపులో బిడ్డ నిలవదని చూడగానే అర్థమైంది.

పొయ్యి దగ్గర కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కాసేపటికి ఉత్తరపు గాలి లేచింది. బూడిద అడుగునుంచి వచ్చినట్టుగా సన్నని ఏడుపు. ఆగింది. ఊపిరి తీసుకున్నట్టు మళ్ళీ మొదలైంది. పట్టపగలు నా చేతుల మీద రోమాలు లేచాయి.

"ఇన్నవా?" అంది గంగు, పొయ్యివైపే చూస్తూ.

"గాలి గంగూ. గొట్టంల గాలి దూరి మోగుతుంది."

"గాలైతే నా రొమ్ములెందుకు తడుస్తున్నయి?"

ఆమె రవిక మీద తడి మరకలు అప్పుడు చూశాను.

"నిరుడు నా బిడ్డను గీడనే పాతిండ్రు టీచరమ్మా. పొయ్యికి తవ్వినప్పుడు మన్ను మెత్తగున్నది, నేను చూసిన. దాన్ని కాల్చి వండింది తిని, కడుపులదాన్ని సాకాల్నా?"

పురిట్లో పోయిన బిడ్డను ఆ పల్లెలో శ్మశానానికి తీసుకుపోరు. కుండలో పెట్టి ఇంటి ఆవరణలోనే పాతిపెడతారు. ఆ బిడ్డే మళ్ళీ ఆ కడుపున పుడుతుందని నమ్మకం. ఎక్కడ పాతిందీ మంత్రసానికే తెలియాలి. తల్లికి చెప్పకూడదు.

నేను నా పద్ధతిలో పోయాను. గొట్టం పైకొసకు రేకుటోపీ పెట్టించాను. చప్పుడు ఆగిపోయింది. రాజవ్వ దండం పెట్టింది. గంగు మాత్రం నన్నే చూస్తూ, "దాని నోరు మూసినవా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట పెసలు కూడా తినలేదు.

అప్పుడు మంత్రసాని ముత్తవ్వ దగ్గరికి వెళ్ళాను. ఆమె పాతిన చోటు చెప్పనంది.

"చెప్తె తల్లి ఆడనే కూసుంటది. తల్లి ఏడ్చిన జాగకు బిడ్డ మళ్ళ రాదు."

"తినకుంటె గీ బిడ్డ గూడ పోతది ముత్తవ్వా. ఇగ వచ్చేదెవరు?"

ముసలామె నోట్లో నములుతున్న ఆకు ఉమ్మేసింది. తర్వాత కర్ర అందుకుని లేచింది. నాతో గంగు ఇంటికి వచ్చి, గంగు చేయి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. చూరునీళ్ళు పడే చోట, గోడకు జానెడు ఇవతల, కర్రతో తట్టింది.

"గీడ. పొయ్యికాడ కాదు. ఏడ్వకు మరి."

గంగు వంగి నేలకు చెంప ఆనించింది. ఏడవలేదు. "సల్లగున్నది" అంది.

లేచి లోపలికి వెళ్ళి తనే పత్తికట్టె అంటించింది. జొన్నరొట్టె కొడుతుండగా మళ్ళీ గాలి లేచింది. రేకుటోపీ ఉంది కనుక నాకు ఏమీ వినిపించలేదు. గంగు చేయి మాత్రం ఆగింది. తల పెరటివైపు తిప్పింది.

"ఇంక ఇనొస్తుందా?" అన్నాను.

"ఆఁ. ఏడ్వనీ టీచరమ్మా. మంటలైతె లేదు గద."

మొదటి రొట్టె వేడివేడిగా అక్కడే కూర్చుని తినేసింది. మర్నాడు బండి కట్టలేదు. జ్యేష్ఠంలో ఆడపిల్ల పుట్టింది. ముత్తవ్వ వీపు చరిచాక గానీ ఏడవలేదు. ఆ గొంతు నేను అంతకుముందే విన్నానని ఇప్పటికీ అనిపిస్తుంది.

మాకు శిక్షణలో గాలివాటం చూడమన్నారు, గోడ మందం చూడమన్నారు. నేల కింద ఏముందో అడగమని ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఇంట్లోనైనా గునపం దించే ముందు ముత్తవ్వను వెంట తీసుకెళ్ళేదాన్ని. ఆమె ఇల్లంతా తిరిగి, ఒకచోట ఆగి, "గీడ వద్దు" అనేది. ఎందుకని నేను అడిగేదాన్ని కాదు. ఆ ఊళ్ళో మరో పద్నాలుగు పొయ్యిలు కట్టించాను. ఆ పద్నాలుగిళ్ళలో ముత్తవ్వ ఎక్కడా ఆగకుండా తిరిగి వచ్చినవి రెండే.