వైకుంఠ రథంలో వైఫై

మా పెద్దన్న పోయిన రోజు గండిపేట నుంచి చేవెళ్ల దాకా అతని పక్కనే కూర్చుని వచ్చాను. అతను పాడె మీద, నేను బండిలోని రేకు బెంచీ మీద. దారిలో నేను విన్నవి ఏడుపులు కావు. డాంగిల్, హాట్‌స్పాట్, రీఛార్జి, ఎన్ని గీతలున్నాయి, ఏ కంపెనీ సిమ్ము. చావు ఇంటి మాటలు ఇలా మారిపోయాయని నాకు అంతకు ముందు తెలియదు.

పెద్దన్నకు చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం ఉండేది. ముసలితనంలో దాన్ని అమ్మేసి, గండిపేటలో కొడుకు కొన్న విల్లాకు వెళ్లిపోయాడు. దుకాణం పోయినా చేవెళ్ల పోలేదు. ఏదో వంక పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. బస్సులో ఉండగా ఫోను మోగితే కట్ చేసేవాడు. దిగాక, నీడ చూసుకుని నిలబడి, తిరిగి చేసేవాడు. ఎవరైనా అడిగితే, "నడిచే బండ్ల మాట్లాడేది మాట గాదు. దిగినంక మాట్లాడాలె," అనేవాడు. ఇంట్లో అందరూ దీన్ని ముసలి చాదస్తం కింద జమకట్టారు. నాకు మాత్రం అందులో తప్పేమీ కనబడలేదు. నేనూ అలాగే చేస్తాను.

అతను నిద్రలోనే పోయాడు. తెల్లవారి కొడుకు చూసేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. ఆ సమయానికి మా ఒక్క చెల్లెలు భజన బృందం ఆడవాళ్లతో పండరీపురం నుంచి తిరిగి వస్తోంది. అద్దెకు మాట్లాడుకున్న చిన్న బస్సు. ఎంత తొందరగా వచ్చినా చీకటి పడకుండా చేవెళ్ల చేరదు. అయ్యగారేమో పొద్దు గూకక ముందే అయిపోవాలన్నాడు, మర్నాటి నక్షత్రం మంచిది కాదట. ఆ సంగతి చెల్లెలికి ఫోనులో చెప్పవలసిన వాణ్ని నేనే అయ్యాను.

"నేనొచ్చేదాంక ఆపలేవా, చిన్నన్నా?"

"నా చేతుల లేదమ్మా."

"సరే. గానీ నేను పిలువకుంట పెద్దన్నను తీస్కపోకుండ్రి," అంది.

ఆమె అడిగింది దింపుడు కల్లం గురించి. శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను ఒకచోట కిందికి దించుతారు. దగ్గరివాళ్లు పోయిన మనిషి చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా కొంచెం ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడని. మా ఇంట్లో ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. వాళ్లకు అదే ఆఖరి చోటు. మా నాన్నను, అమ్మను పిలిచింది చెల్లెలే. మేమిద్దరం పక్కన నిలబడ్డాం, అంతే. కనుక ఆమె పెద్ద కోరికేమీ కోరలేదు. మా పెద్దన్న చెవిలో ఆమె గొంతు పడాలి. ఆ ఒక్క పనే మా మీద ఉంది.

నేను పెద్దన్న కొడుకుతో చెప్పాను. "అత్త ఫోన్ల పిలుస్తది. మనం చెవుకాడ పెడితే చాలు."

"వీడియో కాల్ పెడదాం కాకా. మొత్తం ఫ్యామిలీ గ్రూప్‌నే కలుపుత. అందరు చూస్తరు."

"మామూలు ఫోన్ చాలు గదా?"

"మామూలు కాల్ ఏంది కాకా! మొహం కనపడొద్దా? నువ్వింక ఏ కాలంల ఉన్నవ్?"

తలకొరివి పెట్టేది అతను. నేను ఊరుకున్నాను.

అక్కడి నుంచి పెత్తనం అతని బామ్మర్ది చేతికి పోయింది. ఆ మనిషి ఏదో కంపెనీలో నెట్‌వర్క్ పని చేస్తాడట. బయట వెదురు బద్దలు కట్టేవాళ్లు కడుతున్నారు. లోపల ఆడవాళ్లు నీళ్లు కాస్తున్నారు. ఇతను వైకుంఠ రథం ఎక్కి, ఛార్జింగ్ పెట్టే చోటు ఎక్కడుందని డ్రైవర్‌ను అడుగుతున్నాడు. డ్రైవర్ మొయినాబాద్ మనిషి. ఎంతోమందిని ఆఖరి చోటుకు చేర్చినవాడు.

"ఈ బండ్ల ఎక్కేటోళ్లకు ఛార్జింగ్ అవసరం పడదు సార్," అన్నాడు.

బామ్మర్దికి అది జోకని కూడా తట్టలేదు. సంచిలోంచి అరచేతిలో పట్టే ఒక తెల్లటి డబ్బా తీశాడు. దాన్ని డాంగిల్ అన్నాడు. లోపల సిమ్ము ఉంటుంది, బండి నడుస్తున్నా పదిమందికి నెట్ ఇస్తుంది, ఊటీ పోయినప్పుడు ఘాట్ రోడ్డులో కూడా సినిమా చూశాం అన్నాడు. దాన్ని పెద్దన్న కాళ్లు వచ్చే చోట, కిటికీ అద్దానికి టేపు వేసి అంటించాడు. దండలు జారకుండా తెచ్చిన టేపు అది.

బండి కదిలింది. విల్లాల గేటు దాటక ముందే డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. సిమ్ము రీఛార్జి అయిపోయిందట. ఊటీ నుంచి వచ్చాక ఎవరూ వేయించలేదు.

"ఫికర్ లేదు బావా," అన్నాడు బామ్మర్ది, పెద్దన్న కొడుకుతో. "మీ కార్ల ఇన్‌బిల్ట్ ఉన్నది గదా."

మా ముందు పెద్దన్న కొడుకు కారు వెళ్తోంది. భార్య నడుపుతోంది. ఆ కారుకు పుట్టుకతోనే సిమ్ము ఉందట, దానికదే నెట్‌కు తగులుకుంటుందట, మనం మాట్లాడితే తిరిగి మాట్లాడుతుందట. ఇంతటి తెలివి గల కారు నుంచి వైఫై పట్టుకోవాలంటే మాత్రం దాని వెనకాలే అంటుకుని పోవాలి. డ్రైవర్‌ను ఇంకా దగ్గరికి పొమ్మన్నారు, ఇంకా దగ్గరికి పొమ్మన్నారు.

"ఇంక దగ్గరికి పోతే గుద్దుత సార్. అప్పుడు ఇంకో బండి పిలువాలె," అన్నాడు డ్రైవర్.

అయ్యగారు కూడా ఇందులో వెనకబడలేదు. జేబులోంచి రెండు ఫోన్లు తీసి, ఒకదాంట్లో ఒక కంపెనీ, రెండోదాంట్లో ఇంకో కంపెనీ ఉన్నాయనీ, సంగారెడ్డి వైపు ఇది బాగా వస్తుందనీ, చేవెళ్ల వైపు అది వస్తుందనీ వివరించాడు. పొద్దున్నుంచి మంత్రాలు నమిలి మింగిన మనిషి ఈ మాటలు మాత్రం విడమరిచి పలికాడు. అతని ఫోను నుంచి హాట్‌స్పాట్ పెట్టారు. కొంతసేపు వచ్చింది.

వచ్చినప్పుడు ఏం కనబడిందో చెప్పాలి. ఫోనులో చిన్న చిన్న గళ్లు, గడికొక చుట్టం. ఒకామె కూరగాయలు తరుగుతోంది. ఒకతను కారు నడుపుతూ చూస్తున్నాడు. ఒక గడిలో ఇంటి కప్పు, తిరుగుతున్న ఫ్యాను తప్ప మనిషే లేడు. వీళ్లలో ఎవరూ పెద్దన్నను బతికుండగా చూడ్డానికి వచ్చినట్టు నాకు గుర్తులేదు. చెల్లెలి గడి మాత్రం నల్లగా ఉంది.

ఎందుకంటే అక్కడ ఇంకో కథ నడుస్తోంది. ఆమె ఎక్కిన బస్సు అద్దం మీద ఏసీ, పుష్‌బ్యాక్, వైఫై అని రాసి ఉంటుంది. అది చూసే భజన బృందం ఆ బస్సు మాట్లాడుకుంది. చెల్లెలు ఆ డ్రైవర్‌ను అడిగితే అతనన్న మాట నాకు తర్వాత చెప్పింది. "వైఫై ఉన్నదమ్మా. నెట్ లేదు." చివరికి పక్క సీటామె ఫోనులోంచి కాస్త పంచుకుంటే చెల్లెలి ముఖం వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

"ఇంక కొన్ని రోజులైతే సాటిలైట్‌ది వస్తది అంకుల్," అన్నాడు బామ్మర్ది నాతో. "బండి టాప్ మీద పళ్లెమంత పెడ్తరు. అడవిల గూడ నెట్ వస్తది. జర ఆగాలె."

"ఎవరాగుతరు సార్," అన్నాడు డ్రైవర్ ముందు నుంచి. "పెద్దాయిన ఆగిండా?"

అజీజ్‌నగర్ దగ్గర బామ్మర్ది ఉన్నట్టుండి కేక పెట్టాడు. "ఆపు! ఆపు! ఫుల్ వచ్చింది!"

ఒక రిసార్టు గేటు. ఇతను అంతకు ముందు ఎప్పుడో అక్కడ ఎవరిదో పుట్టినరోజుకు వెళ్లి తాగి వచ్చాడు. అప్పటి పాస్‌వర్డ్ ఫోనులో ఉండిపోయింది. బండి గేటు ముందుకు రాగానే ఫోను దానికదే ఆ వైఫైకి తగులుకుంది.

"ఇక్కడనే దించుదాం బావా. మళ్ల ఇంత సిగ్నల్ దొరుకది."

నేనన్నాను, "దింపుడు కల్లం చేవెళ్లల, వాగు ఇవుతల. మన ఇంట్ల అందర్ని అక్కడనే దించినం."

పెద్దన్న కొడుకు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు తడుముకోలేదు. మార్గమధ్యం అనే ఉంది గాని ఫలానా చోటు అని ఎక్కడా లేదన్నాడు. శాస్త్రం ఎప్పుడూ అడిగినవాడి వైపే ఉంటుంది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, సార్, గేటు ముంగట కాదు సార్! లోపల హల్దీ ఫంక్షన్ నడుస్తున్నది. ఓనర్ సూస్తే నా నౌకరి పోతది. జర అవుతలికి పోండ్రి, దండం పెడ్త." అతని వెనక గోడ లోపలి నుంచి డప్పు, పాట వినబడుతున్నాయి. అతనిది తప్పు కాదు. పసుపు పూసిన పిల్ల గేటు తీసి బయటికి చూస్తే కనబడకూడనిది మా దగ్గర ఉంది.

అవతలికి జరిపారు. జరిపిన మేరకు సిగ్నలూ జరిగిపోయింది. పాడెను ప్రహరీ పక్కన కంకర మీద దించారు. బామ్మర్ది ఫోనును పెద్దన్న చెవి దగ్గర పెట్టి, "అత్తా, పిలువుండ్రి," అన్నాడు. చెల్లెలి ముఖం తెరిచిన నోటితో ఆగిపోయింది. మధ్యలో ఒక చక్రం తిరుగుతోంది. మేమంతా, అయ్యగారితో సహా, వంగి ఆ చక్రాన్ని చూస్తూ నిలబడ్డాం. పడుకున్న మనిషిని ఎవరూ చూడలేదు.

"టైం పోతున్నది బాబూ," అన్నాడు అయ్యగారు. పెద్దన్న కొడుకు వంగి, "బాపూ, బాపూ, బాపూ," అన్నాడు. ఎత్తేశారు. పాడె బండిలోకి ఎక్కి, తలుపు పడి, బండి రోడ్డెక్కాక ఫోనులోంచి ఒక్కసారిగా, తొందర తొందరగా, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. పెద్దన్నా పెద్దన్నా పెద్దన్నా.

"వచ్చింది! వచ్చింది!" అన్నాడు బామ్మర్ది, పార్సిల్ అందినట్టు. "అయిపోయింది బావా. రికార్డు గూడ అయింది."

మొయినాబాద్ దాటాం. అప్పుడు నా జేబులో పాత ఫోను మోగింది. మామూలు కాల్. చెల్లెలు.

"చిన్నన్నా, పెద్దన్న చెవుల పడ్డదా?"

బామ్మర్ది నా వైపు తిరిగి, పడ్డదని చెప్పు అన్నట్టు తల ఊపాడు. అతని ముఖంలో ఏ ఇబ్బందీ లేదు.

"లేదమ్మా," అన్నాను. "నీ మాట వచ్చేసరికే ఎత్తిండ్రు."

ఆమె ఏడ్వలేదు. "మరి నాతోటి ఎందుకు పిలిపిచ్చిండ్రు?" అంది.

నేను డ్రైవర్‌ను బండి ఆపమన్నాను.

"ఈడనా? ఈడ ఏమున్నది సార్, టమాట చేను తప్ప."

"చాలు. ఆపు."

అయ్యగారు రెండుసార్లు దించకూడదన్నాడు. నాకు గొంతు పెంచే అలవాటు లేదు. "అప్పుడు దించింది మీ వైఫై కొరకు. ఇప్పుడు మా చెల్లె కొరకు," అన్నాను. బామ్మర్ది, "ఇక్కడ రెండు గీతలే వస్తున్నయ్ అంకుల్, గ్రూప్ కలువది," అన్నాడు. పెద్దన్న కొడుకు ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత కిందికి దిగి, పాడె తల వైపు తనే పట్టుకున్నాడు.

"ఫోన్ లోపల పెట్టు," అన్నాడు బామ్మర్దితో.

రోడ్డు పక్క మట్టిలో దించాం. నేను గొంతుకూర్చుని నా ఫోనును పెద్దన్న చెవికి ఆనించాను.

"చెప్పమ్మా. కిందనే ఉన్నం."

"ఆగు చిన్నన్నా," అంది. "మా బండి గూడ ఆపిస్త."

ఆమె ఎవరితోనో మాట్లాడడం వినబడింది. బ్రేకు వేసిన చప్పుడు. ఇంజను ఆగింది. తలుపు తీసుకుని దిగినట్టుంది, గాలి వినబడింది. ఏదో లారీ వెళ్లిపోయేదాకా ఆగింది. మా వైపు కూడా కార్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. వాటిలో ఎంతమంది ఏ సినిమా చూస్తూ పోతున్నారో నాకు తెలియదు.

"పెద్దన్నా."

కొంచెం ఆగి, "పెద్దన్నా."

మూడోసారి పిలిచినప్పుడు ఆమె గొంతులో ఏ బొంగురూ లేదు. చిన్నప్పుడు అన్నానికి రమ్మని దుకాణం మెట్ల దగ్గర నిలబడి పిలిచినట్టు పిలిచింది.

దారి పొడుగునా ఫోనుల్లో గీతల కోసం చూసిన వాళ్లను నేను ఈసడించుకున్నాను. ఆ మూడో పిలుపు తర్వాత నేను పెద్దన్న ఛాతీ వైపు చూశాను. చాలాసేపే చూశాను. పక్కన అతని కొడుకు కూడా అటే చూస్తున్నాడు.

"పలికిండా?" అంది చెల్లెలు.

"లేదమ్మా."

"సరే," అంది. "ఇగ ఎత్తుండ్రి."