చెవి మిషన్‌కు తాళం

నేను బస్సు కండక్టర్‌ని. నరసరావుపేట నుంచి ముప్పాళ్ళ మీదుగా సత్తెనపల్లికి రోజూ తిరిగే బస్సు నాది. ఎడమచెవి చిన్నప్పుడే పోయింది. నలభై దగ్గరపడేసరికి కుడిచెవి కూడా మందగించింది. మిషన్ పెట్టుకుంటే ఉద్యోగానికి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాక, పేటలోనే ఒక కంపెనీ దుకాణంలో చెవి మిషన్ కొనుక్కున్నాను. జుట్టు చెవి మీదికి దువ్వుకుంటే ఎవరికీ కనిపించేది కాదు.

దానికి వచ్చే చిన్నచిన్న జబ్బులు నేనే బాగుచేసుకునేదాన్ని. గొట్టంలో గులిమి అడ్డుపడితే సన్న దారం దూర్చి తీసేదాన్ని. చెమటకు తడిస్తే విప్పి దూదితో తుడిచి ఆరబెట్టేదాన్ని. ఇస్త్రీపెట్టె వైరూ మిక్సీ స్విచ్చూ నేనే మార్చుకునే మనిషిని, ఇదెంత అనిపించేది.

ఆడవాళ్ళకు టికెట్ ఉచితమయ్యాక బస్సు కిటకిటలాడిపోయింది. అదే రోజుల్లో నా వినికిడి ఇంకొంచెం తగ్గింది. మిషన్‌లో ఇంజను మోతే పెద్దగా వినిపించేది, మనుషుల మాట దాని కింద ఎక్కడో నలిగిపోయేది. ఒకరోజు ఒకాయన ముప్పాళ్ళకు ముందున్న అడ్డరోడ్డు దగ్గర ఆపమన్నాడట. నేను తల ఊపి పక్క సీటుకు వెళ్ళిపోయాను. ముప్పాళ్ళలో దిగాక ఆయన స్ప్రేయరు భుజానికెత్తుకుని, వచ్చిన దారినే ఎండలో వెనక్కి నడిచాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మిషన్‌లో శబ్దాలు సరిచేయాలంటే కంప్యూటర్‌కు తగిలించాలి. పేటలో దుకాణానికి వెళితే షట్టరు దించి ఉంది, దాని మీద అద్దెకిస్తామని బోర్డు. గుంటూరులో వేరే దుకాణానికి వెళ్ళాను. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి నా మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపి, చానాసేపు ప్రయత్నించి, చివరికి తెర నావైపు తిప్పింది. పాస్‌వర్డ్ అడుగుతోంది.

“మీరు కొన్న కంపెనీవాళ్ళు తాళం వేశారండీ. వాళ్ళ దుకాణంలో తప్ప ఎక్కడా తెరుచుకోదు. నేను చేయాల్సింది పదినిమిషాల పనే, కానీ లోపలికి పోనివ్వట్లేదు.”

సెలవు పెట్టి విజయవాడలో ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరు దగ్గరున్న కుర్రాయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ మోడల్ ఆపేశారట, సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్ కూడా తీసేశారట, కొత్తది తీసుకోమన్నాడు.

“మిషన్ బానే ఉందయ్యా. తాళం తీసి ఇవ్వండి, బయట చేయించుకుంటా,” అన్నాను.

“అలా ఇవ్వరు మేడం. రూల్ లేదు.”

“డబ్బు పెట్టి కొన్నది నేను. పెట్టుకునేది నా చెవిలో. తాళంచెవి మాత్రం మీ దగ్గరేంది?”

అతను వేసిన తాళం కాదు కదా. కాగితం అడిగి ఫిర్యాదు రాసిచ్చి వచ్చేశాను. దగ్గర్లోని బ్రాంచికి, అంటే అదే విజయవాడ ఆఫీసుకు, వెళ్ళమని తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది. నేను ఫిర్యాదు చేసింది ఆ బ్రాంచి మీదే.

మర్నాడు డ్యూటీ ఎక్కేముందు అద్దంలో చూసుకుంటూ జుట్టు మొత్తం వెనక్కి దువ్వి ముడి వేసుకున్నాను. చెవి వెనక మిషన్ బయటపడింది. స్టాండులో బస్సు నిండాక, ముందు నిలబడి గట్టిగా చెప్పాను.

“నాకు చెవి సరిగా వినపడదు. ఊరి పేరు కాస్త నా ముఖం చూసి, గట్టిగా చెప్పండి.”

ఎవరో ఒకరు నవ్వుతారని కాచుకున్నాను. మూడో వరసలో కూర్చునే ముప్పాళ్ళ పెద్దమ్మ ఒకామె, కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“ఓసి నీ! చెవుడా? ఇన్నాళ్ళూ పొగరనుకున్నా గదే! ఎన్నిసార్లు పలకరించినా పలికేదానివి కాదు.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఎవరికి ఏ ఊరు కావాలో మొత్తం బస్సుకు తెలిసేలా అరిచి చెప్పేవాళ్ళు. నేను గంట కొట్టడం మరిచిపోతే, డ్రైవరు బస్సు ఆపేలా వెనక నుంచి పదిమంది “హోల్డాన్” అనేవాళ్ళు.

నాలుగు నెలలకు గుంటూరు అమ్మాయి దగ్గరే ఇంకో మిషన్ తీసుకున్నాను. ఎవరైనా తెరిచి సరిచేయగలిగేది కావాలని ముందే చెప్పాను. నా సెట్టింగులన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఇంజను మోత తగ్గి మనుషుల మాట పైకొచ్చింది. మొదటిరోజు అంతమంది ఒకేసారి మాట్లాడుతుంటే తలనొప్పి వచ్చి, మధ్యాహ్నం కాసేపు తీసి జేబులో వేసుకున్నాను.

మొన్న పెద్దమ్మ బస్సెక్కి, తన పెనిమిటికి కూడా అలాంటిదొకటి కొంటున్నామని చెప్పింది.

“తీసుకునే ముందు తాళం ఉందేమో అడుగు పెద్దమ్మా,” అన్నాను.

“చెవిలో పెట్టుకునేదానికి తాళమేందే?”

టికెట్లన్నీ కొట్టేసి ఆమె పక్కన ఖాళీ చూసుకుని కూర్చున్నాను. మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే, ముప్పాళ్ళ వచ్చేదాకా పట్టింది.