పెద్దమ్మ కాపలా కాసిన మడమ

మా ఎదురు వాటా పెద్దమ్మ పోయిన ఆదివారం నిద్రలోనే వెళ్లిపోయింది. మాకు చుట్టరికమేమీ లేదు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఒకే మెట్ల మీద ఎదురెదురు తలుపులున్న రెండు తెలుగు కుటుంబాలం, అంతే. కానీ నేనీవేళ రెండు కాళ్ల మీద నడుస్తున్నానంటే సగం ఆవిడ చలవే.

కిందటేడు లారీ మీద సరుకుకు తాడు బిగిస్తూ జారి, కుడి మడమ మీద నిలువునా పడ్డాను. ఎముక ముక్కలైంది. డాక్టరు ప్లేటూ స్క్రూలూ వేసి అతికించి, అసలు జాగ్రత్త ఇప్పుడే కావాలన్నాడు. పొగ తాగితే కోత మానదు, షుగరు పెరిగితే చీము పట్టొచ్చు, తొందరపడి కాలు ఆనిస్తే అతుకు కదలొచ్చు. అప్పుడు మళ్లీ కోయాల్సి వస్తుందట. నాకు షుగరూ ఉంది, బీడీలూ ఉన్నాయి, తొందర పుట్టుకతోనే వచ్చింది.

పెద్దమ్మకు ఇవన్నీ తెలుసు. ఆవిడ భర్తకూ పోర్టు పనిలో మడమ విరిగింది. బీడీ మానలేదు. రెండో ఆపరేషన్ తర్వాత ఆయన కర్ర లేకుండా నడిచింది లేదు.

ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు కనుక మా మేడలో మగాళ్లందరం మెట్ల మలుపు దగ్గరే బీడీ కాల్చేవాళ్లం. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే పెద్దమ్మ అక్కడ పీట వేసుకుని చేపలు బాగుచేయడం మొదలుపెట్టింది. చేపలయ్యాక బియ్యం, ఆ తర్వాత ఆకుకూర. చంకకర్రలతో నేను గుమ్మం దాటితే చాలు, తలెత్తకుండానే అడిగేది.

"ఏటి బాబూ, ఎక్కడికి బయల్దేరినావు?"

పై వాటా బెంగాలీ దాదా, పెద్దమ్మను వాళ్ల భాషలో పిన్నీ అని పిలుస్తూ వాపోయాడు. "మాషీమా, మరి మేమంతా ఎక్కడికి పోవాలి?"

"గంగ ఒడ్డుకు పోండి. గాలి బాగుంటాది," అంది పెద్దమ్మ.

నాకు ఒళ్లు మండేది. విసుక్కుంటే ఒకటే మాట: "ఎముక పని ఎముక సేసుకుంటాది. నువ్వు అడ్డు రాకు, సాలు."

ఒకరోజు కట్టు తడిసింది. కోత అంచు ఎర్రబడి నీరు కారుతోంది. మళ్లీ ఆపరేషన్ అంటారేమోనని, రెండు రోజులు చూద్దామన్నాను. "మా ఆయనా ఇదే మాటన్నాడు," అని ఆవిడ ట్యాక్సీ పిలిపించింది. దారంతా నా పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తొందరగా రావడం మంచిదైందన్నాడు డాక్టరు. గాయం కడిగి, మందులు రాసి, కోయనక్కర్లేదన్నాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆకలేస్తోంది పద అంది.

కొన్ని నెలలకు ఎక్స్‌రే తీసి, ఎముక చక్కగా అతికిందన్నారు. ఆ కబురు చెప్పినప్పుడు పెద్దమ్మ వంగి నా మడమను ఒకసారి తడిమి చూసింది.

"మా ఆయనకి గట్టిగా సెప్పలేకపోనాను బాబూ. నీకు సెప్పినాను," అంది.

సోమవారం పెద్దమ్మ వాళ్ల చర్చి సమాధుల తోటలో వానకు నేలంతా ఎగుడుదిగుడు బురద. శవపెట్టె ఎత్తేటప్పుడు దాదా వద్దని నా చేయి పట్టుకున్నాడు. నేను వినలేదు. ముందువైపు భుజం ఇచ్చాను. పెద్దమ్మ బరువు మడమ మీదికి వచ్చింది. గేటు నుంచి గుంట దాకా ఎక్కడా ఆగలేదు. తడి మట్టిలో నా మడమ లోతుగా దిగేది, మళ్లీ లేచి ముందుకు పడేది.