నిండుగా ఉన్న మేతపెట్టె

ఆ ఆటలో ఒక సరస్సు ఉంది. పొద్దున పూట దాని మీద మంచు పరుచుకుని ఉంటుంది. నీళ్ళు ఎక్కడ అయిపోతాయో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో తుపాకీ ఉందన్న సంగతే మరిచిపోయి ఒడ్డున అలా నిలబడిపోయాను. అచ్చం మా కొల్లేరే. ఎవరో వచ్చి చూసి వెళ్ళి గీసినట్టుంది. ఈలోగా వెనక నుంచి కొమ్ముల పందిలాంటిది వచ్చి ఒక్క పోటు పొడిచింది. చచ్చాను. ఫోన్లో తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

"అక్కా, అది సీనరీ కాదు, ఆట! తుపాకీ పైకెత్తు తల్లీ!"

నాకు నలభై దాటి చాలాకాలమైంది. తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం. ఈ వయసులో వీడియో గేమ్ ఏంటండీ అని పక్క సీటావిడ అడుగుతుంది. సీరియళ్ళు చూస్తే ఒప్పూ, ఇది తప్పూనా అంటాను. నాకు నోరు కాస్త ఎక్కువే, అది మా ఇంటిల్లిపాదికీ తెలుసు. తమ్ముడు పెదపాడు దగ్గర మా ఊళ్ళో చేపల చెరువులు చూసుకుంటాడు. మధ్యాహ్నాలు గట్టు మీద పాకలో కాపలా కూర్చుని ఈ ఆట మొదలుపెట్టాడు. ఒక్కడూ తోచక నన్నూ లాగాడు.

తెలియనివాళ్ళకి చెప్పాలంటే ఆట ఇంతే. ఒక పెద్ద దీవి, దాని నిండా వింత జీవాలు. తుపాకీతో కొట్టి వాటిని నీరసపరచాలి, పడిపోయేలోపు వలబంతి విసిరి పట్టుకోవాలి. పట్టినవాటిని మన స్థావరానికి తెచ్చుకుంటే మనతోనే ఉండి పనులు చేస్తాయి. రాళ్ళు మోసేది మోస్తుంది, తోటకి నీళ్ళు పెట్టేది పెడుతుంది. బదులుగా మనం మేతపెట్టెలో తిండి ఉంచాలి. పెట్టె ఖాళీ అయితే అవి డీలాపడి మూలన కూర్చుంటాయి. మనం ఆడకపోయినా అక్కడ పొద్దు గడుస్తూనే ఉంటుంది, వాటికి ఆకలి వేస్తూనే ఉంటుంది. తమ్ముడికీ నాకూ కలిపి ఒకటే స్థావరం.

ఆ ఆటలో నాకు బాగా నచ్చింది అదే. ఆఫీసు కిటికీలోంచి ఉల్లిపాయల లారీలు పోతుంటే చూస్తూ, ఇప్పుడక్కడ వాన పడుతోందేమో, మేం మొదట పట్టుకున్న బొచ్చుజీవం చూరు కింద ముడుచుకుని పడుకుందేమో అనుకునేదాన్ని. చేతిలో ఫైలు చేతిలోనే ఉండేది. మనసు మాత్రం ఆ సరస్సు ఒడ్డున తడుస్తూ ఉండేది.

నచ్చనివీ ఉన్నాయి. కథ అంటూ ఏమీ లేదు. పట్టినదాన్నే మళ్ళీ మళ్ళీ పట్టమంటుంది. కొన్ని జీవాలు గోడలో ఇరుక్కుపోయి నడిచిన చోటే నడుస్తుంటాయి. తోటలో పళ్ళు అవే పండిస్తాయి, అవే కోసి కుప్ప పోస్తాయి, అక్కడితో సరి. ఆ కుప్పని మోసుకొచ్చి పెట్టెలో పొయ్యాల్సింది మాత్రం మనం. ఆడేవాళ్ళందరిదీ అదే గోల. "ఈ చాకిరీ ఇంట్లో లేకనా?" అని నేనూ తమ్ముణ్ణి సాధించేదాన్ని. అన్నిటికంటే నాకు ఒళ్ళుమండేది ఇంకొకటి. కొట్టనిదే ఏ జీవమూ మన దగ్గరికి రాదు. కొట్టి స్నేహం చేసుకోవడమేంటి, నా బొంద!

అసలు నాకు కొట్టడమే చేతకాదు. గురి లేక కాదు. చిన్నప్పుడు మా వరిచేను పాలుపోసుకునే రోజుల్లో మేమిద్దరం మంచె మీద నిలబడి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరి పిట్టల్ని తోలేవాళ్ళం. నాయనమ్మ కింద గట్టు మీద కూర్చుని కేకలు వేసేది. "పిట్ట ఎగరాలర్రా, పడకూడదు! దానికీ పిల్లలుంటాయి." రాయి పిట్ట పక్కన పడాలి. ఎవరి రాయి తగిలితే వాళ్ళకి ఆ పూట బెల్లం ముక్క లేదు. అలా అలవాటైన చేతులు. ఆటలో తుపాకీ పేల్చినా నా గుండు జానెడు పక్కనుంచే పోతుంది.

తమ్ముడిదీ అదే తంతు. ఇప్పటికీ చెరువు మీద వాలే గూడబాతుల్ని, ఆ సంచి ముక్కుల పెద్ద పిట్టల్ని, టపాకాయ పేల్చి లేపుతాడే గాని ఒక్కదాన్నీ ముట్టుకోడు. కానీ ఆటలో జీవాలకి భయం నేర్పలేదు. చప్పుడు వింటే పారిపోవడానికి బదులు మన మీదికే వస్తాయి. ఆ ఆట చేసినవాళ్ళు ఎప్పుడూ చేను కాసి ఉండరు. అందుకే మా స్థావరంలో పెద్ద జీవమంటూ లేదు. ఏదో దారి తప్పి మా గుండుకి అడ్డమొచ్చినవే అన్నీ.

పోయిన వేసవిలో ఆ చేన్నే తమ్ముడు చెరువు చేశాడు. మాకు మిగిలిన ఆఖరి వరిచేను అది. చుట్టూ చెరువులైపోయాక మధ్యలో ఒక్క చేను నిలబడదు, ఊట వచ్చి దుబ్బులు కుళ్ళిపోతున్నాయి అన్నాడు. నిజమే కావచ్చు. కానీ పొక్లెయిన్ దిగిన రోజు ఆ మట్టి అలా పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంటే నేను ఊరుకోలేకపోయాను.

"నాన్న ఉంటే నిన్ను ఈ గట్టు ఎక్కనిచ్చేవాడు కాదురా!" అన్నాను, పనివాళ్ళందరి ముందూ.

తమ్ముడి మొహం నల్లబడింది. "ఏడాదికోసారి వచ్చి చూసి వెళ్ళేవాళ్ళకి ఏం తెలుస్తుందండీ. మీరు ఇంటికి వెళ్ళండి" అన్నాడు.

నా తమ్ముడు, నేను ఎత్తుకుని తిప్పినవాడు, నన్ను అండీ అన్నాడు. అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ఏలూరులో బస్సెక్కి గుండుగొలను దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత వాడు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. అమ్మానాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే వాడే. వాడు నాకు కాకుండా పోతాడేమోనన్న భయం పట్టుకుంది.

చాలా రోజులు ఆట జోలికి పోలేదు. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మనసాగక తెరిచాను. జీవాలన్నీ డీలాపడి ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే హాయిగా తిరుగుతున్నాయి. మేతపెట్టె తెరిచాను. నిండుగా ఉంది.

అంటే, వాడు వస్తున్నాడు. నాతో మాట మానేశాడు గాని, మా ఇద్దరి జీవాల కడుపు మాడ్చలేదు. ఆ సాయంత్రం వంటింట్లో కూనిరాగం తీస్తుంటే "ఏంటి, ప్రమోషనా?" అని మావారు అడిగారు.

అప్పట్నుంచి రోజూ అదే పని. ఆఫీసు నుంచి రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ దీవికి వెళ్ళడం, పెట్టె మూత తీసి చూడటం, నిండుగా ఉంటే వేసెయ్యడం. తర్వాత సరస్సు ఒడ్డున ఊరికే కూర్చునేదాన్ని. మంచులో ఏదైనా కదిలితే వాడేమో అనిపించేది. ఆ సరస్సూ కొల్లేరూ నా నిద్రలో కలిసిపోయేవి. నేను మంచె మీద ఉండేదాన్ని. కింద చేనంతా నీళ్ళు, నీళ్ళ మీద కంకులు తేలుతూ ఉండేవి. నాయనమ్మ ఎక్కడినుంచో కేక వేసేది. ఏమంటోందో వినపడేది కాదు.

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా" అన్నారు మావారు.

"వాడు చెయ్యకూడదా?"

"ఇద్దరూ ఒక తాను ముక్కలే" అని ఆయన పేపరు తిరగేసుకున్నారు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం సరస్సు ఒడ్డున ఆ దీవిలోకెల్లా పెద్ద జీవం దిగింది. గూడబాతులాంటిదే, కాకపోతే ఇల్లంత ఉంది. దాన్ని పట్టాలని తమ్ముడికి ఎప్పట్నుంచో కోరిక. నేను పట్టి మా స్థావరంలో కడితే వాడు చూసి ఆగలేక ఫోన్ చేస్తాడు కదా అనిపించింది. పేల్చాను. మామూలే, జానెడు పక్కన. అది తల తిప్పి చూసి నా మీదికి వచ్చింది. నేను పరుగో పరుగు. అంతలో చెట్ల మధ్య నుంచి ఎవరో తుపాకీ పేలుస్తూ ఎదురొచ్చారు. ఒక్క గుండూ దానికి తగల్లేదు, అన్నీ ఆకాశంలోకే. తల మీద పేరు చూడక్కర్లేకపోయింది. పక్కనున్న ఫోన్ మోగింది.

"అక్కా! నీళ్ళలోకి దూకు! అది నీళ్ళలోకి రాదు!"

"గూడబాతు నీళ్ళలోకి రాకపోవడమేంట్రా, నీ మొహం!"

"ఈ ఆటలో అంతే! ముందు దూకు!"

దూకాను. వాడూ దూకాడు. ఇద్దరం పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డాం. అది ఒడ్డున అటూ ఇటూ తిరిగి తిరిగి వెళ్ళిపోయింది. ఫోన్ పెట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"రోజూ మేతపెట్టె నింపుతున్నావు కదరా," అన్నాను. "అది చూసుకునే బతికాను."

"నేనెక్కడ నింపానక్కా? నువ్వు కదా నింపుతున్నావు!"

"నేనెప్పుడు నింపాను?"

ఇద్దరం ఒడ్డెక్కి స్థావరానికి వెళ్ళి చూశాం. మా బొచ్చుజీవం తోటలో కుప్ప దగ్గరికి పోతోంది, పళ్ళు ఎత్తుకుంటోంది, వచ్చి పెట్టెలో పోస్తోంది. మళ్ళీ పోతోంది. ఎప్పుడో అప్డేట్ వచ్చి, అందరూ గోల పెట్టిన ఆ మోత పని జీవాలకే అప్పజెప్పారట. మేమిద్దరం ఆ ముక్క చదవనే లేదు.

నీరుగారిపోయాను. నా ధైర్యమంతా ఆ పెట్టె, అందులో వాడి చెయ్యే లేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకొచ్చేవాడివిరా?"

"పెట్టె చూసుకోడానికి. నిండుగా ఉంటే, అమ్మయ్య, అక్క వచ్చింది అనుకుని మూసేసేవాణ్ణి."

"అంత అనుకున్నవాడివి ఫోన్ చెయ్యొచ్చు కదరా వెధవా!"

"కోపం పూర్తిగా తగ్గితే నువ్వే చేస్తావనుకున్నా."

నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో నాకు తెలియలేదు. అవతల వాడూ ముక్కు చీదుకుంటున్నాడు. "వచ్చే ఆదివారం రా అక్కా" అన్నాడు.

వెళ్ళాను. మంచె ఎక్కడ ఉండేదో ఆ నీళ్ళలో పోల్చుకోలేకపోయాను. కొల్లేరు వైపు నుంచి గూడబాతులు బారుగా వచ్చి వాలాయి. వాడు టపాకాయ అంటించి గట్టు అవతలికి విసిరాడు. అన్నీ ఒక్కసారి లేచి, తెల్లగా ఒక చుట్టు తిరిగి పక్క చెరువు మీద దిగాయి. చెరువైన చేను చూస్తే నాకు ఇంకా బాధగానే ఉంది. అది దాచుకోలేదు, వాడూ అడగలేదు.

పాకలో క్యారేజీ విప్పాడు. "ఇది మాత్రం నేనే నింపాను" అన్నాడు. చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అక్కడే ఆగిపోయాను.

"ఏ బియ్యంరా ఇవి?"

వాడు నా వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. "ఈ చేనివే. ఆఖరి పంట. నువ్వొచ్చాక విప్పుదామని బస్తా అలాగే ఉంచాను."

కంచం ముందుకు జరిపి ఇంకాస్త పెట్టమన్నాను.